ఐదో తీగ ఎవరిది?

(డప్పు శిక్షణా శిబిరం ఆఖరి రోజున ఒక రిటైర్డు టీచరమ్మ చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



నన్ను పది నిముషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. నా పది నిముషాలు ఎంత పొడుగుంటాయో మీకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి.

నిన్న రాత్రి అన్నాల దగ్గర ఇక్కడొక గొడవ జరిగింది. ఊళ్ళోంచి కబురొచ్చింది కదా, వచ్చే నెల కొలుపులకి శిబిరంలో నేర్చుకున్న పిల్లల్ని డప్పులతో పంపమని. కూలి మాట ఎత్తలేదు. ఎప్పటి నుంచో వస్తున్న ఆచారమే కదా అన్నారట. అది విని ఒక తమ్ముడు కంచం వదిలేసి లేచాడు. "మా తాత చేత ఈ డప్పు కొట్టించే చావులకీ, చాటింపులకీ వెట్టి చేయించుకున్నారు. ఆ బానిస గుర్తుని మళ్ళీ మనమే శిబిరం పెట్టి నేర్చుకోవడమేంటి? మొత్తం కుప్పేసి తగలబెట్టక!" అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు వాడి మీదికి లేచారు.

నేనేమీ మాట్లాడలేదు. ఆ తమ్ముడు అడిగింది తప్పు కాదు. సరిగ్గా అదే మాట మా నాయన అన్నాడు. ఆ మాటకి జవాబు యాభై ఏళ్ళు నా దగ్గర లేదు. దొరికింది మన పల్లెలో కాదు. అమెరికాలో దొరికింది. అదీ, బ్యాంజో అనే వాయిద్యం నేర్చుకోవడానికి గుండ్రంగా కూచున్న పన్నెండు మంది మధ్యన. ఆ సంగతే చెప్తా.

మా అమ్మాయి పురుటికని 2023లో నార్త్ కరోలినా రాష్ట్రం వెళ్ళా. ఆరు నెలలున్నా. పిల్లవాడు నిద్రపోతే నాకు పనుండదు. ఆ ఊరి లైబ్రరీకి నడిచి వెళ్ళేదాన్ని. అక్కడ గోడ మీద ఒక కాగితం అంటించారు. ఐదు తీగల బ్యాంజో, కొత్తవాళ్ళకి, ఆరు శనివారాలు, వాయిద్యం మేమే ఇస్తాం, ఫీజు లేదు అని. ఫీజు లేదన్న మాట చూసి వెళ్ళా. దాచుకోవడమెందుకు.

బ్యాంజో అంటే మనవాళ్ళకి వేరే గుర్తొస్తుంది. పెళ్ళి బ్యాండుల్లో, కవ్వాలీల్లో టైపు మిషను మీటల్లాంటివి నొక్కుతూ వాయిస్తారే, అది. అది బుల్‌బుల్ తరంగ్. జపాను వాళ్ళ తైషోగోటో అనే వాయిద్యం నుంచి వచ్చింది. నేను చెప్పేది అది కాదు. ఇది చూడ్డానికి ఎలా ఉంటుందంటే, మన డప్పుకి ఒక పొడుగాటి కర్ర మెడ తగిలించి, దాని మీద తీగలు లాగి కట్టినట్టుంటుంది.

నిజంగా అంతే. గుండ్రటి చట్రం. దాని మీద బిగించిన తోలు. తీగ మోగితే ఆ మోత చిన్న చెక్క మెట్టు మీదుగా తోల్లోకి దిగుతుంది. తోలే దాన్ని పెద్దది చేసి బయటికి పంపుతుంది. గిటారులో చెక్క పెట్టె చేసే పని ఇక్కడ తోలు చేస్తుంది. అందుకే బ్యాంజో సన్నగా ఏడవదు, ఖణేల్ ఖణేల్ మంటుంది. మొదటి రోజు నా చేతికి దాన్ని ఇవ్వగానే నేను తీగలు ముట్టుకోలేదు. వేళ్ళతో తోలు మీద కొట్టి చూశా. మన చెయ్యి కదా, అదే చేస్తుంది. నేర్పే ఆయన నవ్వాడు. ఆయన తెల్లాయన, పెద్దవయసు, కొండప్రాంతం మనిషి. "అది తోలు కాదమ్మా, ప్లాస్టిక్. 1950ల చివర నుంచి అందరూ అదే వేస్తున్నారు. వానొచ్చినా జారదు" అన్నాడు. మూడో వారం తన ఇంట్లో ఉన్న పాతది తెచ్చి చూపించాడు. సొరకాయ బుర్రకి మేకతోలు మేకులతో కొట్టిన బ్యాంజో. వాన ముసురుకి తోలు జారితే పూర్వం మంట దగ్గర పెట్టి కాచేవాళ్ళట. నాకు నోట మాట రాలేదు. వరిగడ్డి మంట ముందు డప్పు తిప్పుతున్న మా నాయన కళ్ళ ముందు కనపడ్డాడు.

సరే, పాఠం చెప్తా. నేర్చుకునేవాళ్ళున్నారు గనక వివరంగా చెప్తా.

పన్నెండు మందిమి. రిటైరయిన పోస్టుమాన్ ఒకాయన, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక వడ్రంగి, పాత బస్సు డ్రైవరమ్మ, ఇంకా ఇలాంటివాళ్ళు. కుర్చీలు వరసల్లో వెయ్యలేదు. గుండ్రంగా వేశారు. ముందు బెంచీ, వెనక బెంచీ అనేది లేదు. నేను బడిలో వెనక బెంచీలో కూడా కాదు, నేల మీద విడిగా కూచుని చదువుకున్న పిల్లని. ఆ గుండ్రం నాకు నచ్చింది.

మొదటి అరగంట శ్రుతి చేసుకోవడానికే సరిపోయింది. పన్నెండు బ్యాంజోలు ఒకేసారి శ్రుతి తప్పి మోగితే కోళ్ళగూట్లోకి పిల్లి దూరినట్టుంటుంది. మన స్వరాల్లో చెప్తే తీగలు ఇలా ఉంటాయి. కింది నుంచి ఒకటో తీగ ప, రెండోది గ, మూడోది స, నాలుగోది కింది ప. ఐదోది పై స. అంటే ఎడం చేత్తో ఎక్కడా నొక్కకుండా ఊరికే మీటినా స, గ, ప కలిసి పలుకుతాయి. కొత్తవాడు మొదటి రోజే ఏదో ఒకటి వాయించి ఇంటికి పోవచ్చు. బీదవాడి కోసం పుట్టిన వాయిద్యం అలాగే ఉంటుంది.

ఇందులో విడ్డూరం ఐదో తీగ. మిగతా నాలుగూ మెడ పొడుగునా ఉంటాయి. ఐదోది పొట్టిది. మెడకి మధ్యదాకానే వస్తుంది, దాని మర అక్కడే పక్కన ఉంటుంది. అన్నిటికన్నా పైన, బొటనవేలి పక్కన ఉంటుంది. అక్కడ లావుపాటి తీగ ఉంటుందనుకుంటాం. కానీ అది అన్నిటికన్నా సన్నగా, గట్టిగా పలుకుతుంది. దాన్ని సాధారణంగా ఎడం చేత్తో నొక్కరు. పాట ఎటు పోతున్నా అది ఒక్క స్వరమే పట్టుకుని మోగుతుంటుంది. మేళంలో శ్రుతి పెట్టె లాగా అనుకోండి. కాకపోతే ఊరికే మోగదు, దరువులో మోగుతుంది.

మాకు నేర్పింది పాత పద్ధతి. కుడిచెయ్యి గద్దగోరులా ముడవాలి. చెయ్యి పైకి లాగి మీటకూడదు, పై నుంచి కిందికి దిగాలి. చూపుడు వేలి గోరుతో ఒక తీగని కొట్టాలి, అది "డం". అదే గోరుతో తీగల మీదుగా కిందికి దువ్వాలి, అది "త". అప్పటికే బొటనవేలు ఐదో తీగ మీద ఆని ఉంటుంది, దాన్ని వదిలిపెట్టాలి, అది "కి". డం - తకి. డం - తకి. ఇంతే. మొదటి రెండు శనివారాలు ఎడం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఇదే కొట్టాం. పాట లేదు, ఏమీ లేదు. కాలేజీ పిల్లలకి విసుగొచ్చింది. నాకు రాలేదు. దరువు రానివాడికి పాట వస్తే ఏం లాభం?

అందరూ చేసే తప్పులే నేనూ చేశా. మొదటిది, మణికట్టు బిగబట్టడం. రెండోది, తొందర. ఎవడో ఒకడు వేగం పెంచుతాడు, వాడి వెనక అందరూ పరిగెడతారు, మూల కూచున్న మనిషి పడిపోతుంది. అప్పుడాయన చెయ్యి ఎత్తి ఆపేవాడు. మనలో అందరికన్నా నిదానంగా వాయించే మనిషి ఎంత వేగం పోతే గుండ్రం అంత వేగమే పోవాలి అనేవాడు. ఆ నిదానం మనిషిని నేనే. అన్నలారా, సంఘాలు నడిపేవాళ్ళు ఈ మాట కాగితం మీద రాసుకోండి.

నాలుగో వారం ఎడం చెయ్యి మొదలైంది. ఒక మేళానికి ఒక్క వేలూ అక్కర్లేదు. ఇంకోదానికి రెండు వేళ్ళు. మూడోదానికి మూడు వేళ్ళు. ఈ మూడింటితో వందల పాటలు నడుస్తాయి. వేలి కొసలు మండుతాయి, తర్వాత గట్టిపడతాయి. ఇంటికి తీసుకెళ్ళి సాధన చేసుకోమన్నారు. పిల్లవాడు లేస్తాడని భయం. వెనక వైపు, తోలుకీ లోపలి కమ్మీకీ మధ్య పాత బనీను గుడ్డ కుక్కమని డ్రైవరమ్మ చెప్పింది. మోత సగానికి తగ్గింది.

ఇంకో సంగతి. అందరూ కలిసి ఒకే పాటని పదిసార్లు, పదిహేనుసార్లు తిప్పి తిప్పి వాయిస్తారు. పుస్తకం చూడరు. రానివాడు వచ్చినవాడి చెయ్యి చూస్తాడు. మొదటిసారి రెండు దెబ్బలు దొరుకుతాయి, అయిదోసారికి సగం దొరుకుతుంది, పదోసారికి పాట దొరుకుతుంది. ఇక ఆపాలంటే పాట ఎత్తుకున్న మనిషి కాలు ఒకటి పైకెత్తుతాడు. అది చూసి అందరూ ఆఖరి చుట్టు అని తెలుసుకుని ఒక్కసారే ఆపుతారు. మన దండులో ముందున్నవాడు సిర్ర పైకెత్తితే అందరూ ఆపరూ? అలాగన్నమాట.

ఇదంతా వాయించే సంగతి. ఇప్పుడు అసలు సంగతి.

ఆ డ్రైవరమ్మ నల్లావిడ. గుండ్రంలో నల్లమనిషి ఆమె ఒక్కతే. నేను పక్కన కూచునేదాన్ని. ఐదో వారం టీ తాగుతూ అడిగా. ఇది మీ వాయిద్యం కదమ్మా, నువ్వు కొత్తగా నేర్చుకోవడమేంటి అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "మా తాతకి బ్యాంజో ఉండేది. మంచం కింద దాచేవాడు. ఎవరన్నా వస్తే తీసేవాడు కాదు. నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. అది చూసి జనం నవ్వుతారు అనేవాడు. ఎందుకు నవ్వుతారో నాకు యాభై ఏళ్ళొచ్చేదాకా తెలీదు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత రోజు నుంచి అదే లైబ్రరీలో కూచుని చదివా. చదివింది మీకు క్లుప్తంగా చెప్తా.

బ్యాంజో ఆఫ్రికా బిడ్డ. అక్కడ సొరకాయ బుర్రకి తోలు కప్పి తీగలు కట్టే వాయిద్యాలు చాలా ఉన్నాయి. సెనెగల్, గాంబియా వైపు జోలా అనే జనానికి అకాంటింగ్ అని ఉంది. మూడు తీగలు. అందులో ఒకటి పొట్టిది, బొటనవేలిది. గోరుతో పై నుంచి కిందికే కొడతారు. నేను శనివారాలు నేర్చుకున్న చేతివాటం అదే.

ఆ జనాల్ని గొలుసులేసి ఓడల్లో వేసి అమెరికా ఖండానికీ, కరీబియన్ దీవులకీ అమ్మారు. వాయిద్యం వెంట వచ్చినా రాకపోయినా, చెయ్యి మాత్రం గుర్తుపెట్టుకుంది. అక్కడి సొరకాయలతో, అక్కడి మేకతోలుతో మళ్ళీ చేసుకున్నారు. 1687లో జమైకా వెళ్ళిన హాన్స్ స్లోన్ అనే డాక్టరు 1707లో అచ్చేసిన పుస్తకంలో వాటి బొమ్మలున్నాయి. 1739లో సౌత్ కరోలినాలో బానిసలు తిరగబడ్డారు. డప్పులు మోగించుకుంటూ కదిలారు. మరుసటి ఏడు, 1740లో, యజమానులు చట్టం చేసి వాళ్ళ డప్పుల్ని, కొమ్ముల్ని నిషేధించారు. చూశారా, డప్పంటే పైవాడికి ఎక్కడైనా భయమే. ఊరంతటికీ వినపడే డప్పు పోయింది. గుడిసె ముందు మోగే బ్యాంజో మిగిలింది.

థామస్ జెఫర్సన్ పేరు వినుంటారు. మనుషులంతా సమానమని రాసిన పెద్దమనిషి, వందలమంది బానిసల్ని ఉంచుకున్న పెద్దమనిషి, రెండూ ఆయనే. 1781లో తన రాష్ట్రం గురించి రాస్తూ, ఈ వాయిద్యం నల్లవాళ్ళదని, ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నారని ఆయనే రాశాడు. అంటే 1781లో ఇది ఎవరిదో అందరికీ తెలుసు. అందులో తగాదా లేదు.

మరి తగాదా ఎప్పుడొచ్చింది? డబ్బులొచ్చినప్పుడు వచ్చింది.

1830లలో వర్జీనియాలో జోయెల్ స్వీనీ అనే తెల్లాయన చుట్టుపక్కల నల్లవాళ్ళ దగ్గర బ్యాంజో నేర్చుకున్నాడు. మొహానికి మసి పూసుకుని స్టేజీ ఎక్కాడు. 1843లో న్యూయార్కులో నలుగురు తెల్లవాళ్ళు వర్జీనియా మిన్‌స్ట్రెల్స్ అని జట్టు కట్టారు. బెండు కాల్చిన మసి మొహాలకి రాసుకుని, పెదాలు పెద్దవిగా దిద్దుకుని, నల్లవాడంటే తిండిపోతు, సోమరిపోతు, తెలివితక్కువవాడు అని వెకిలి చేష్టలు చేసేవాళ్ళు. చేతిలో ఏముండేది? బ్యాంజో. జనం విరగబడి నవ్వారు. దశాబ్దాల తరబడి అమెరికాలో అదే పెద్ద వినోదం. నల్లవాళ్ళని వేరు చేసిన చట్టాలకి జిమ్ క్రో చట్టాలని పేరు. ఆ జిమ్ క్రో అనేది అలాంటి మసిమొహం వేషం పేరే.

ఇప్పుడు ఐదో తీగ దగ్గరికి రండి. ఆ పొట్టి తీగని కనిపెట్టింది జోయెల్ స్వీనీయే అని తర్వాత ప్రచారం చేశారు. అబద్ధం. 1785, 1790 మధ్యలో సౌత్ కరోలినాలో జాన్ రోజ్ అనే భూస్వామి వేసిన బొమ్మ ఒకటుంది. బానిసలు గుడిసెల ముందు ఆడుతున్న బొమ్మ. అందులో ఒకాయన సొరకాయ బ్యాంజో వాయిస్తుంటాడు. దానికి బొటనవేలి పొట్టి తీగ కనపడుతుంది. స్వీనీ పుట్టింది 1810లో! పుట్టకముందే ఎలా కనిపెట్టాడండీ? మహా అయితే ఆయన కలిపింది లావు తీగ. చేసినవాళ్ళ పేరు లేదు. వాయించినవాళ్ళ పేరు లేదు. నేర్చుకుపోయినవాడి పేరు మాత్రం చరిత్రలోకెక్కింది. ఈ కథ మనకి కొత్తదా? చెప్పు కుట్టినవాడికి పేరుందా? తోలు ఊనినవాడికి పేరుందా?

తర్వాత ఏమైంది? నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు పక్కపక్కనే పనిచేసిన కొండప్రాంతాల్లో బ్యాంజో బీద తెల్లవాళ్ళకీ వచ్చింది. వాళ్ళూ ప్రేమగానే వాయించారు, అందులో అబద్ధం లేదు. 1920లలో గ్రామఫోను కంపెనీలు వచ్చి పాటల్ని రెండు జాబితాలు చేశాయి. నల్లవాళ్ళకి అమ్మేది ఒకటి, పల్లెటూరి తెల్లవాళ్ళకి అమ్మేది ఒకటి. బ్యాంజో తెల్ల జాబితాలో పడింది. 1945లో ఎర్ల్ స్క్రగ్స్ అనే నార్త్ కరోలినా కుర్రాడు బిల్ మన్రో జట్టులో చేరి మూడు వేళ్ళతో జలజలా వాయించి దేశమంతా ఊపేశాడు. అది గొప్ప విద్యే. కానీ ఆ తర్వాత బ్యాంజో అంటే తెల్లవాడి వాయిద్యమే అని లోకం అనుకుంది. నల్లపిల్లలు కూడా అదే అనుకున్నారు. వాళ్ళ పెద్దలు ఎందుకు వదిలేశారు? చేతిలో బ్యాంజో కనపడితే మసిమొహం వేషం గుర్తొస్తుంది, జనం నవ్వుతారు. డ్రైవరమ్మ తాత మంచం కింద దాచింది బ్యాంజోని కాదు. అవమానాన్ని.

అయితే అందరూ వదల్లేదు. అదే రాష్ట్రంలో ఎలిజబెత్ కాటెన్ అని ఒక నల్లపిల్ల ఉండేది. ఎడంచేతి వాటం. అన్న పనికి పోగానే అన్న బ్యాంజో దొంగతనంగా తీసి తలకిందులుగా పట్టుకుని వాయించేది. తీగలు తెంపేది, తిట్లు తినేది. పెద్దయ్యాక ఇళ్ళలో పాచిపని చేసింది. ఆమె పనిచేసిన ఒక ఇల్లు పాటల సేకరణ చేసే సీగర్ కుటుంబానిది. అప్పుడు బయటపడింది ఆమె విద్య. తొంభై ఏళ్ళు పైబడ్డాక, 1985లో గ్రామీ బహుమతి ఇచ్చారు. ఆ ఇంటి పెద్దకొడుకుల్లో ఒకడైన పీట్ సీగర్ 1948లో ఐదు తీగల బ్యాంజో నేర్చుకునే పుస్తకం రాశాడు. మొదట మన కరపత్రాల్లాగే సైక్లోస్టైల్ తీసి పంచాడు. చాలామంది దాంతోనే నేర్చుకున్నారు.

ఇంకొకాయన డేనియల్ జట్టా. గాంబియా మనిషి, జోలా. అమెరికాకి చదువుకోడానికి వచ్చి బ్యాంజో విన్నాడు. ఇది మా నాయన వాయించే అకాంటింగ్‌లా ఉందే అనుకున్నాడు. ఇంటికెళ్ళి నాయన దగ్గరా, బంధువుల దగ్గరా కూచుని నేర్చుకున్నాడు. ఆ వాయిద్యాన్ని లోకానికి చూపించాడు. ఆయనే నోరు విప్పకపోతే ఆ పొట్టి తీగ పుట్టిల్లు ఎక్కడో చాలామందికి తెలిసేది కాదు.

2005 ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలోని బూన్ పట్నంలో బ్యాంజో వాయించే నల్లవాళ్ళంతా ఒక చోట చేరారు. అక్కడ కలిసిన ముగ్గురు కుర్రాళ్ళు, రియానన్ గిడెన్స్ అనే అమ్మాయి, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్, ఒక పని చేశారు. మెబేన్ అనే ఊళ్ళో జో థాంప్సన్ అని ఎనభై ఆరేళ్ళ నల్ల ముసలాయన ఉన్నాడు. ఫిడేలు వాయిస్తాడు. ఆయనతో జోడీగా బ్యాంజో వాయించిన ఒడెల్ అనే బంధువు 1994లోనే చనిపోయాడు. ఈ ముగ్గురూ వారం వారం కారేసుకుని ఆ ఇంటికి వెళ్ళి, ముసలాయన ఎదురుగా కూచుని, ఆయన చేతుల్లోంచి నేర్చుకున్నారు. కరోలినా చాక్లెట్ డ్రాప్స్ అని జట్టు కట్టారు. 2010లో పాటల పళ్ళెం తెచ్చారు, 2011లో దానికి గ్రామీ వచ్చింది. జో థాంప్సన్ 2012లో పోయాడు. ఇంకో ఏడేళ్ళు ఆలస్యం చేసి ఉంటే? ఖాళీ కుర్చీ ఎదురుగా కూచునేవాళ్ళు. 2024లో బియాన్సే పాటలో అమెరికా అంతా విన్న బ్యాంజో ఆ రియానన్ చేతిదే.

ఇక మా నాయన సంగతి.

నేను ఏడో తరగతి. ఊళ్ళో ఒక పెద్దాసామి తండ్రి చచ్చాడు. రెండు రోజులు వానలో మా నాయన చేత, చిన్నాయన చేత డప్పు కొట్టించారు. తోలు జారి మోత తగ్గితే బూతులు తిట్టారు. ఆఖరికి చేతిలో పెట్టింది మిగిలిన అన్నం. నాయన ఇంటికొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా తోలు కోసేసి, ఉత్త పలక దూలానికి తగిలించాడు. ఇక ఊళ్ళో అడుగుపెట్టి కొట్టను అన్నాడు. పల్లెలో ఇంకో నాలుగిళ్ళవాళ్ళు ఆయన వెంట నిలబడ్డారు. ఊరు మాకు పనులు బందు చేసింది. ఆ ఏడంతా పక్క మండలాలకి పోయి పొగాకు బేరన్లలో పనిచేసి బతికాం. మా నాయన వెట్టికి ఎదురు తిరిగిన మనిషి. ఇవ్వాళ నేను టీచరుగా రిటైరై ఇక్కడ నిలబడ్డానంటే ఆ కోత వల్లే.

కానీ నేనొకసారి ఆ పలక దించి చేత్తో పట్టుకుంటే లాక్కున్నాడు. "చదువుకో. ఇది ముట్టుకోబాక. ఆడపిల్లవి కూడాను" అన్నాడు. ఆయనకి ఎన్ని దరువులు వచ్చో నాకు తెలీదు. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. 2009లో పోయాడు. ఆయనతోపాటే అవీ పోయాయి. అమెరికాలో ముసలాయన ఎదురుగా కూచున్న ఆ ముగ్గురి సంగతి చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది ఇందుకే.

తిరిగొచ్చాక మా చిన్నాయన దగ్గరికి పోయా. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డాడు. నేర్పు చిన్నాయనా అంటే నవ్వాడు. టీచరమ్మవి, మనవడు పుట్టాక నీకెందుకే అన్నాడు. తొడ మీద "డం - తకి" కొట్టి చూపించా. కాసేపు విని, "నడకలాగుంది గానీ కాలు తప్పుతుందమ్మే" అన్నాడు. లేచి సిర్ర అందుకున్నాడు. అదిగో, ఆ మూల తువ్వాలు కప్పుకుని కూచున్నాడు చూడండి. ఈ ఆరు రోజులు మీకు నేర్పింది ఆయనే. నేను మీ వరసలో ఆఖరిదాన్ని. సిర్ర సరిగ్గా పడుతోంది గానీ ఎడంచేతి చిటికెన పుల్ల ఇంకా తడబడుతోంది.

ఇప్పుడు తమ్ముడికి జవాబు చెప్తా.

తమ్ముడా, నీ కోపం నిజం. కానీ కోపం ఎవరి మీదో చూసుకో. తోలుకి కులం లేదు. మసి బ్యాంజోకి లేదు, దాన్ని ఎగతాళికి వాడుకున్నవాడి మొహానికి ఉంది. వెట్టి డప్పులో లేదు, కూలివ్వకుండా కొట్టించినవాడి నోట్లో ఉంది. మా నాయన రెండూ కలిపి కోశాడు. ఆయనకి ఆనాడు వేరే దారి లేదు. మనకి ఉంది. వెట్టిని కాల్చుదాం. డప్పుని కాచుదాం.

మనం కాల్చేస్తే ఏమవుతుందో బ్యాంజో చెప్పింది. వాయిద్యం చావదు. చేతులు మారుతుంది. రేపు పట్నంలో ఫీజు కట్టించుకుని మనకే నేర్పుతారు, ఫలానా ఆయన కనిపెట్టాడని బోర్డు రాస్తారు. మన మనవరాలు అక్కడికెళ్ళి, "మా తాతకి ఒకటుండేది, దాచేవాడు" అని చెప్పుకుంటుంది.

అందుకని నాలుగు మాటలు ఈ సభ ముందు పెడుతున్నా. తీర్మానం చేసుకుంటే సంతోషం.

ఒకటి. కొలుపులకి రమ్మన్న ఊరి పెద్దలకి రేపే జవాబు రాద్దాం. వస్తే కూలి ముందే మాట్లాడుకుని, చెప్పులేసుకుని, వాళ్ళ పక్కన నిలబడి కొడతాం. ఆచారమని పిలిస్తే రాం. పనులు బందు చేస్తారేమో. చేస్తే ఈసారి నాలుగిళ్ళు కాదు, పల్లె మొత్తం నిలబడాలి. అందుకు సిద్ధమైతేనే ఆ కాగితం మీద వేలు పెట్టండి.

రెండు. ఈ శిబిరంతో ఆపొద్దు. ప్రతి ఆదివారం సాయంత్రం చెట్టుకింద గుండ్రంగా కూచుందాం. అందరికన్నా నిదానమైనవాడి వేగంతోనే నడుద్దాం.

మూడు. ఆడపిల్లలు కూచోవాలి. అన్న బ్యాంజో దొంగతనంగా వాయించే గతి మన పిల్లలకి వద్దు.

నాలుగు. పల్లె పల్లెకీ పోయి పెద్దవాళ్ళ దరువులు ఫోన్లలో ఎక్కించుకుందాం. పక్కన నోటు పుస్తకంలో రాద్దాం. దరువు పేరు, నేర్పినాయన పేరు, ఆయన తండ్రి పేరు, పల్లె పేరు. ఈ వారంలోనే మొదలుపెట్టాలి. మొదటి పేజీలో మా చిన్నాయన పేరు రాయండి. ఆయన పక్కన మా నాయన పేరు కూడా రాయండి. దరువుల చోట ఖాళీ వదలండి.

ఆ ఖాళీ చూసినప్పుడల్లా మీ ఇంట్లో ముసలాయన దగ్గరికి పరిగెత్తండి.

జై భీమ్.